ఆరు రంగుల మిషన్, చిన్న గ్రాంటు: మనిషి రక్తంలో ఇమ్యూన్ కణాలకు ఏ యాంటీబాడీలు ముందు కొనాలి?

విభాగం: ల్యాబ్ ముచ్చట్లు › ఇమ్యునాలజీ

బండలసీమ_స్కాలర్ | అనంతపురం | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. అనంతపురంలో పీహెచ్‌డీ చేస్తున్నా. తాడిపత్రి వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల రక్తంలో ఇమ్యూన్ కణాలు ఎలా ఉన్నాయి, దుమ్ము జోలికి వెళ్లని పనుల్లో ఉన్నవాళ్లతో పోలిస్తే ఏమైనా తేడా ఉందా అన్నది నా టాపిక్. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చింది. ఫ్లో సైటోమీటర్ (రంగు యాంటీబాడీలు అంటించిన కణాలను లేజర్ ముందు ఒక్కొక్కటిగా లెక్కపెట్టే మిషన్) మాది కాదు, ఇంకోచోట స్లాట్ తీసుకుని వాడుకోవాలి. దాంట్లో రెండు లేజర్లు: నీలం 488 నానోమీటర్లు, ఎరుపు 640. నీలం మీద నాలుగు రంగులు, ఎరుపు మీద రెండు చూడొచ్చు.

టీ కణాలు, బీ కణాలు, ఎన్‌కే కణాలు, మోనోసైట్లు విడివిడిగా లెక్క తేలాలి. గ్రాంటు చిన్నది. కేటలాగు తెరిస్తే ఒక్క సీడీ4కే (కణం మీద ఉండే ఒక గుర్తు) పేజీలకు పేజీలు ఉన్నాయి. ఇన్ని క్లోన్లు (ఒకే గుర్తును పట్టుకునే వేర్వేరు యాంటీబాడీ రకాలు), ఇన్ని రంగులు చూసి తల తిరుగుతోంది. ముందు ఏవి కొనాలి?

ఇంకో డౌట్. తెలిసిన ల్యాబ్ వాళ్లు కాస్త సీడీ3, సీడీ4 ఇస్తే ట్రయల్‌గా ఒక శాంపిల్ నడిపాం. సీడీ3 లేకుండా సీడీ4 మాత్రం మసకగా వెలిగే గుంపు ఒకటి కనిపిస్తోంది. యాంటీబాడీ పాడైనట్టా?

కర్నూలు_ల్యాబన్న | కర్నూలు | సోమవారం రాత్రి 9:47

పాడు కాలేదప్పా, అవి మోనోసైట్లు. మనిషి మోనోసైట్ల మీద సీడీ4 ఉంటుంది. హెల్పర్ టీ కణం మీద ఉన్నంత ఉండదు, అందుకే మసకగా కనిపిస్తాయి. ఆ గుంపును మాత్రం ఎంచుకుని సైడ్ స్కాటర్ (కణానికి తగిలి పక్కకు చెదిరే వెలుగు) చూడు, లింఫోసైట్ల కంటే పైన కూర్చుని ఉంటాయి.

సీడీ8తోనూ ఇదే తంతు. ఎన్‌కే కణాల్లో కొన్నిటి మీద సీడీ8 మసకగా ఉంటుంది. సీడీ3 తోడు లేకుండా సీడీ8 లెక్కపెడితే వాటిని కూడా కిల్లర్ టీ కణాల ఖాతాలో రాసేస్తావు. ఒక్క రంగు చూసి కణాన్ని గుర్తుపట్టడమంటే జాతరలో ఎర్రచొక్కా కనిపించగానే మన పిల్లోడే అనుకోవడం లాంటిది.

సైటో_మేడం | కర్నూలు | సోమవారం రాత్రి 10:30

ల్యాబన్న చెప్పింది కరెక్ట్. ఇక కొనుగోలు సంగతి. కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు, మీ లేజర్లకు సరిగ్గా సరిపోయే ఆరు రంగుల అమరిక ఒకటి ఎప్పటినుంచో వాడుకలో ఉంది (ఫిట్‌సీ, పీఈ, ఏపీసీ లాంటివి రంగుల పేర్లు):

సీడీ3 ఫిట్‌సీలో, సీడీ16 ప్లస్ సీడీ56 రెండూ కలిపి పీఈలో, సీడీ45 పెర్‌సీపీ-సై5.5లో, సీడీ4 పీఈ-సై7లో, సీడీ19 ఏపీసీలో, సీడీ8 ఏపీసీ-సై7లో.

ముందు సీడీ45, సైడ్ స్కాటర్ ప్లాటు గీయండి. సీడీ45 తెల్ల కణాలన్నిటి మీదా ఉంటుంది, కానీ లింఫోసైట్ల మీద బాగా ఎక్కువ. సైడ్ స్కాటర్ వాటికి తక్కువ. కాబట్టి లింఫోసైట్లు ఒక మూలన ముద్దగా దొరుకుతాయి. మోనోసైట్లు వాటి పక్కన కాస్త పైన, న్యూట్రోఫిల్స్ ఇంకా పైన. లింఫోసైట్ గేట్ (ఆ ముద్ద చుట్టూ గీసే గీత) లోపలికి వెళ్లి సీడీ3 ఉన్నవి టీ కణాలు, వాటిలో మళ్లీ సీడీ4, సీడీ8. సీడీ3 లేనివాటిలో సీడీ19 ఉన్నవి బీ కణాలు, సీడీ16 లేదా 56 ఉన్నవి ఎన్‌కే కణాలు.

ఇందులో ఒక లాభం ఉంది. టీ, బీ, ఎన్‌కే శాతాలు మూడూ కూడితే వందకు దగ్గరగా రావాలి. రాలేదంటే మీ గేట్‌లోకి మోనోసైట్లో, పగలని ఎర్ర కణాలో దూరాయన్నమాట. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల రక్తంలో లింఫోసైట్లలో సగానికి పైగా టీ కణాలే ఉంటాయి, మామూలుగా 60 నుంచి 80 శాతం.

సీడీ16, 56 ఒకే రంగులో ఎందుకంటే, ఎన్‌కే కణాలను మొత్తంగా లెక్కపెట్టడమే అక్కడ పని. పైగా సీడీ16 న్యూట్రోఫిల్స్ మీద కూడా దండిగా ఉంటుంది, సీడీ56 కొన్ని టీ కణాల మీద ఉంటుంది. అందుకే అవి ఎప్పుడూ లింఫోసైట్ గేట్ లోపల, సీడీ3 లేనివాటిలోనే చూడాలి.

పెన్నా_గట్టు | కడప | సోమవారం రాత్రి 11:05

ఎంఎస్సీ ఫైనలియర్. సిల్లీ డౌటే అనుకోండి, సీడీ అంటే ఏంటి? ఈ నంబర్లు ఎవరు పెట్టారు? సీడీ3 తర్వాత సీడీ4 అంటే ఏదైనా వరసా?

సైటో_మేడం | సోమవారం రాత్రి 11:20

సిల్లీ ఏం కాదు. 1975లో కోలర్, మిల్‌స్టీన్ మోనోక్లోనల్ యాంటీబాడీలు తయారుచేసే పద్ధతి కనిపెట్టాక, ప్రతి ల్యాబూ తన యాంటీబాడీకి తనకు నచ్చిన పేరు పెట్టుకుంది. మనం సీడీ4 అంటున్నదాన్నే ఒకరు టీ4 అనేవారు, ఇంకొకరు ల్యూ-3 అనేవారు. ఈ గందరగోళం తేల్చడానికి 1982లో పారిస్‌లో మొదటి అంతర్జాతీయ వర్క్‌షాప్ పెట్టి, ఒకే అణువును పట్టుకునే యాంటీబాడీలన్నిటినీ ఒక గుంపుగా చేసి నంబర్ ఇచ్చారు. గుంపును క్లస్టర్ ఆఫ్ డిఫరెన్షియేషన్ అన్నారు, అదే సీడీ. ఇప్పుడు ఆ నంబర్లు మూడు వందల డెబ్బై దాటాయి. వరసలో పక్కపక్కన ఉన్నంత మాత్రాన వాటి మధ్య సంబంధం ఉండాలని లేదు.

కోలర్, మిల్‌స్టీన్‌లకు 1984లో నోబెల్ వచ్చింది, యెర్నెతో కలిపి.

రియాజెంట్_మావా | అనంతపురం | మంగళవారం ఉదయం 7:55

నేను చాలాకాలం రియాజెంట్లు అమ్మినవాణ్ణి, ఇప్పుడు మానేశా కాబట్టి నిజం చెప్తా. ఆర్డర్ పెట్టేముందు స్పెసిఫికేషన్ షీట్‌లో రెండు గళ్లు చూడండి. ఒకటి హోస్ట్, అంటే యాంటీబాడీ ఏ జంతువులో పుట్టింది. రెండోది రియాక్టివిటీ, అంటే అది ఏ జంతువు కణాలను పట్టుకుంటుంది. మీకు కావాల్సింది హోస్ట్ మౌస్, రియాక్టివిటీ హ్యూమన్. పేరులో మౌస్ అని చూసి కంగారుపడి వదిలేసేవాళ్లున్నారు. మౌస్ సీడీ4 అని రాసి ఉన్న జీకే1.5 క్లోన్ తెప్పించుకుని మనిషి రక్తంలో ఏమీ వెలగడం లేదని ఫోన్ చేసేవాళ్లూ ఉన్నారు. అది ఎలుక సీడీ4ను పట్టుకునే యాంటీబాడీ, మన రక్తంలో ఎందుకు వెలుగుతుంది?

మనిషి కణాలకు బాగా అరిగిన క్లోన్లు: సీడీ3కి యూసీహెచ్‌టీ1 లేదా ఎస్‌కే7, సీడీ4కి ఆర్‌పీఏ-టీ4 లేదా ఎస్‌కే3, సీడీ8కి ఆర్‌పీఏ-టీ8 లేదా ఎస్‌కే1, సీడీ19కి హెచ్‌ఐబీ19 లేదా ఎస్‌జే25సీ1, సీడీ45కి హెచ్‌ఐ30 లేదా 2డీ1, సీడీ16కి 3జీ8. వీటిలో ఏది తీసుకున్నా పశ్చాత్తాపం ఉండదు.

ఇంకోటి. ఏప్రిల్, మే నెలల్లో ఆర్డర్ పెడితే శుక్రవారం డిస్పాచ్ చేయొద్దని రాతపూర్వకంగా అడగండి. శనివారం, ఆదివారం పార్శిల్ ఏ గోడౌన్‌లో ఉడుకుతుందో దేవుడికెరుక. యాంటీబాడీలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అలాగని డీప్ ఫ్రీజర్‌లో పడేసినా చచ్చాయే, ముఖ్యంగా పీఈ, ఏపీసీ ఉన్నవి. అవి నాచు జాతుల నుంచి తీసిన పెద్ద ప్రొటీన్లు, గడ్డకడితే పాడవుతాయి.

బండలసీమ_స్కాలర్ | మంగళవారం మధ్యాహ్నం 1:10

మేడం, మావా, చాలా థాంక్స్. మోనోసైట్ల సంగతి మిగిలిపోయింది. నాకు ఉత్త లెక్క చాలదు. దుమ్ము మింగేవి ఆ వంశం కణాలే కదా, వాటిలో రకాలు కూడా చూడాలని మా గైడ్ అంటున్నారు. ఈ అమరికలో సీడీ14 లేదు. సీడీ45 తీసేసి ఆ రంగులో సీడీ14 పెట్టనా?

సైటో_మేడం | మంగళవారం మధ్యాహ్నం 2:35

సీడీ45 తీయొద్దు! నేరుగా రక్తంతో పని చేసేటప్పుడు పగలని ఎర్ర కణాలు, ప్లేట్‌లెట్లు, చెత్త నుంచి తెల్ల కణాలను వేరుచేసేది అదే.

రెండో ట్యూబ్ పెట్టుకోండి. హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ (ఇదీ కణం మీది ఒక గుర్తే) ఫిట్‌సీలో, సీడీ16 పీఈలో, అదే సీడీ45 పెర్‌సీపీ-సై5.5లో, సీడీ14 ఏపీసీలో. నాలుగు రంగులే. సీడీ45 ఎలాగూ మీ దగ్గర ఉంటుంది. సీడీ16, సీడీ56 కలిపిన వయల్ కాకుండా విడివిడిగా కొంటే సీడీ16 రెండు ట్యూబులకూ వస్తుంది. అంటే మొదటి ట్యూబ్ సామానుకు తోడు అదనంగా కొనాల్సింది రెండే.

మోనోసైట్లలో మూడు రకాలు. సీడీ14 బాగా వెలిగి సీడీ16 లేనివి క్లాసికల్, రెండూ ఉన్నవి ఇంటర్మీడియట్, సీడీ14 తగ్గి సీడీ16 బాగా ఉన్నవి నాన్-క్లాసికల్. ఆరోగ్యవంతుల్లో పదింట ఎనిమిది తొమ్మిది వంతులు క్లాసికలే. తిప్పలన్నీ ఆ నాన్-క్లాసికల్ దగ్గరే. సీడీ14 అంతంతమాత్రం, సీడీ16 దండిగా అంటే అచ్చం ఎన్‌కే కణంలా కనిపిస్తుంది. విడదీసేది హెచ్‌ఎల్‌ఏ-డీఆర్. మోనోసైట్ల మీద అది ఉంటుంది, మామూలు ఎన్‌కే కణాల మీద, న్యూట్రోఫిల్స్ మీద ఉండదు. బీ కణాల మీద ఉంటుంది కానీ వాటికి సీడీ16 ఉండదు, సీడీ14 ఉండదు. కాబట్టి ముందు సీడీ45, సైడ్ స్కాటర్ మీద కాస్త వెడల్పు గేట్, తర్వాత హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ ఉన్నవి, ఆ తర్వాతే సీడీ14, సీడీ16 ప్లాటు. ఈ వరస తప్పితే ఎన్‌కే కణాలన్నీ మీ మోనోసైట్లలో చేరి "దుమ్ము వల్ల నాన్-క్లాసికల్ పెరిగింది" అని పేపర్ రాసేస్తారు.

డాక్టర్_ఊపిరి | కడప | మంగళవారం రాత్రి 8:20

ఛాతీ డాక్టర్‌ని. రంగుల సంగతి మీకే బాగా తెలుసు, నా అభ్యంతరం అంతకు ముందు మెట్టు మీద. తాడిపత్రి బండలు ఎక్కువగా సున్నపురాయి. గ్రానైట్‌లో ఉన్నంత సిలికా సున్నపురాయిలో ఉండదు. అక్కడే గ్రానైట్ కోసే యూనిట్లూ ఉన్నాయి, ఒకే మనిషి ఈ నెల ఇక్కడ, వచ్చే నెల అక్కడ పని చేస్తాడు. గాలిలో దుమ్ము, అందులో సిలికా కొలవకుండా "దుమ్ములో పనిచేసేవాళ్లు" అని ఒకే గంపలో వేస్తే ఎన్ని రంగులు పెట్టి ఏం లాభం?

సిలికోసిస్ (సిలికా దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) నిర్ధారణకు కావాల్సింది పని చరిత్ర, ఛాతీ ఎక్స్‌రే. రక్తంలో మోనోసైట్లు చూసి ఎవరూ తేల్చరు. దుమ్మును మింగి పోరాడేవి ఊపిరితిత్తుల్లో కూర్చున్న మాక్రోఫేజ్‌లు, అవి సూదికి రావు. మీరు చూసేది రక్తంలో దాని నీడ మాత్రమే. చూడొద్దని అనడం లేదు, చూసి అతిగా చెప్పొద్దంటున్నా.

ఫామ్‌లో తప్పకుండా అడగాల్సినవి: బీడీ, సిగరెట్ అలవాటు. టీబీ ఇప్పుడుందా, గతంలో వచ్చిందా (సిలికా దుమ్ము టీబీ ముప్పు పెంచుతుంది). గత కొద్ది వారాల్లో జ్వరం. ఏవైనా స్టెరాయిడ్లు వాడుతున్నారా. ఇవన్నీ మీ కణాల లెక్కను అటూ ఇటూ చేసేవే.

కర్నూలు_ల్యాబన్న | మంగళవారం రాత్రి 8:51

డాక్టర్ గారికి తోడుగా ఒక మాట. రక్తం తీసే టైమ్ రాసుకో. సీడీ4 లెక్క పొద్దున తక్కువ, సాయంత్రం, రాత్రికి ఎక్కువ ఉంటుంది, అదే మనిషికి. ఫ్యాక్టరీ వాళ్లకు డ్యూటీ దిగాక సాయంత్రం తీసి, పోల్చే వాళ్లకు పొద్దున కాలేజీలో తీస్తే నీకు కనిపించే తేడా దుమ్ముది కాదు, గడియారానిది.

బండలసీమ_స్కాలర్ | మంగళవారం రాత్రి 9:15

డాక్టర్ గారూ, దుమ్ము కొలత కోసం ఇంకో డిపార్ట్‌మెంట్‌ను అడుగుతున్నాం. గ్రానైట్, బండలు కలిపి చేసేవాళ్లను వేరే గ్రూపుగా పెడతాను. టైమ్ సంగతి అస్సలు తట్టలేదు, నోట్ చేసుకున్నా.

అన్నా, రక్తం తాడిపత్రి నుంచి అనంతపురం ఎలా తేవాలి? ఐస్‌బాక్స్‌లో పెట్టి తెస్తే చాలా?

కర్నూలు_ల్యాబన్న | మంగళవారం రాత్రి 9:40

ఐస్ మీద పెట్టొద్దు. నేరుగా రక్తంతో చేసే ఈ పనికి శాంపిల్ రూమ్ టెంపరేచర్‌లోనే ఉండాలి. అయితే రూమ్ టెంపరేచర్ అంటే పుస్తకంలో రూము. 18 నుంచి 25 డిగ్రీలు. మన అనంతపురంలో మే నెల మధ్యాహ్నం బొలెరో వెనక సీటు కాదు.

ఊదారంగు మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) ట్యూబులో తీసి, వెంటనే ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చెయ్యి, ఊపొద్దు. థర్మాకోల్ డబ్బాలో అడుగున జెల్ ప్యాక్. అది ఫ్రీజర్ నుంచి తీసినది కాకుండా ఫ్రిజ్ కింది అరలోది అయితే మేలు. దాని మీద మందంగా న్యూస్‌పేపర్ మడతలు, ఆపైన స్టాండులో నిలబెట్టిన ట్యూబులు. ట్యూబ్ జెల్ ప్యాక్‌కు తగలకూడదు. ఇరవై ముప్పై రూపాయల థర్మామీటర్ కాదు, కాస్త మంచి డిజిటల్‌ది లోపల పెట్టి, బయల్దేరేటప్పుడు, దిగాక చదివి రాసుకో. ఈడీటీఏ రక్తం సీడీ4 లెక్కకు ఒకటి రెండు రోజులు తట్టుకుంటుంది కానీ, మోనోసైట్ రకాలకు అంత ఓపిక లేదు. అవి అదే రోజు చేసెయ్.

హెపటైటిస్ బీ టీకా వేయించుకున్నావా? లేకపోతే రంగులు తర్వాత, ముందు అది.

రంగులరాట్నం | కర్నూలు | బుధవారం ఉదయం 11:02

లేటుగా వచ్చా. ఐసోటైప్ కంట్రోల్స్ గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? ప్రతి యాంటీబాడీకి దాని జత ఐసోటైప్ కొనాలి, లేకపోతే రివ్యూయర్ ఒప్పుకోడు.

సైటో_మేడం | బుధవారం ఉదయం 11:40

ఆ డబ్బుతో ఇంకో ట్యూబ్ నడుపుకోవచ్చు. ఐసోటైప్ అంటే అదే రకం యాంటీబాడీ, కానీ మన కణాల మీద దేన్నీ పట్టుకోనిది. బ్యాక్‌గ్రౌండ్ ఎంత అంటుకుందో చూపిస్తుందని ఆశ. కానీ దాని గాఢత వేరు, ఒక్కో అణువుకు తగిలించిన రంగు మోతాదు వేరు. అది చూసి గీత గీస్తే ఆ గీతకు ఆధారం లేదు.

గీత ఎక్కడ గీయాలో చెప్పేది ఎఫ్‌ఎమ్‌ఓ. అంటే ఒక్కటి తప్ప మిగతా రంగులన్నీ వేసిన ట్యూబ్. సీడీ16, సీడీ56 పీఈ ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే, పీఈ తప్ప అన్నీ వేసి చూడండి. మిగతా రంగుల నుంచి పీఈలోకి ఒలికింది ఎంతో అప్పుడు తెలుస్తుంది. సీడీ3, సీడీ19 లాంటివి రెండు గుంపులుగా తెగిపోయి కనిపిస్తాయి కాబట్టి వాటికి అక్కర్లేదు. మసకగా, సాగినట్టు ఉండేవాటికి మాత్రం చేయండి: ఇక్కడ ఎన్‌కే, మోనోసైట్ల సీడీ16.

రంగులరాట్నం | బుధవారం మధ్యాహ్నం 12:05

థియరీ బాగుంది మేడం. నాకు పోయినసారి రివ్యూయర్ ఐసోటైప్ ఏదీ అనే అడిగాడు. మోనోసైట్ల సంగతేంటి? వాటికున్న ఎఫ్‌సీ రిసెప్టర్లు యాంటీబాడీ తోకను పట్టేసుకుంటాయి. ఎఫ్‌ఎమ్‌ఓ దాన్ని చూపించదు కదా.

సైటో_మేడం | బుధవారం మధ్యాహ్నం 12:30

ఆ పాయింట్ ఒప్పుకుంటా. ఎఫ్‌ఎమ్‌ఓ ఒలకడాన్ని చూపిస్తుంది, అంటుకోవడాన్ని కాదు. కానీ దానికి మందు ఐసోటైప్ కాదు, బ్లాకింగ్. కడిగి వేరుచేసిన తెల్ల కణాలైతే మనిషి ఐజీజీ (రక్తంలో మామూలుగా ఉండే యాంటీబాడీ) తోనో, అందుకోసమే అమ్మే బ్లాకింగ్ రియాజెంట్‌తోనో ముందు పది నిమిషాలు. కడగని రక్తంలో అయితే ప్లాస్మాలోని సొంత ఐజీజీయే చాలావరకు ఆ రిసెప్టర్లను నింపేసి ఉంటుంది. పైగా సై5, సై7 కలిపిన టాండెమ్ రంగులకు (రెండు రంగులు అతికించి చేసినవి) మోనోసైట్లకు అనవసరంగా అంటుకునే గుణం ఉంది. అందుకే మోనోసైట్ ట్యూబులో సై7 పెట్టనివ్వలేదు. పెర్‌సీపీ-సై5.5 కూడా టాండెమే, కానీ అది సీడీ45 మీద ఉంది. ఎలాగూ ప్రతి తెల్ల కణం మీదా ఉండేదే కాబట్టి కాస్త అదనంగా అంటుకున్నా కొంప మునగదు.

రివ్యూయర్ అడిగితే ఎఫ్‌ఎమ్‌ఓ ప్లాట్లు సప్లిమెంటరీలో పెట్టి పంపండి. వినకపోతే ఎడిటర్‌కు రాయండి.

రంగులరాట్నం | బుధవారం మధ్యాహ్నం 12:41

ఎడిటర్‌కు రాసే టైమ్‌కి మా స్కాలర్ల ఫెలోషిప్ అయిపోతుంది. నేను ఒక్క ఐసోటైప్ ట్యూబ్ అయినా పెడతా.

పెన్నా_గట్టు | బుధవారం సాయంత్రం 6:18

ఒలకడం అంటే కాంపెన్సేషన్ గురించేనా? క్లాసులో మ్యాట్రిక్స్ అని చెప్పి దాటేశారు.

కర్నూలు_ల్యాబన్న | బుధవారం రాత్రి 9:05

అదే. ఫిట్‌సీ ఎక్కువగా 520 నానోమీటర్ల దగ్గర, పచ్చగా వెలుగుతుంది. కానీ అక్కడితో ఆగదు, దాని తోక పసుపు దాకా సాగుతుంది. పీఈ 578 దగ్గర వెలుగుతుంది. పీఈ డిటెక్టర్‌కు వచ్చిన వెలుగు ఎవరిదో తెలియదు కాబట్టి, ఫిట్‌సీ తోకను కూడా పీఈ కిందే రాసేస్తుంది. ఫిట్‌సీ ఒక్కటే వేసిన ట్యూబ్ నడిపితే, పీఈ అసలు లేకుండానే పీఈలో ఎంత కనిపించిందో తెలుస్తుంది. ఆ శాతాన్ని మిగతా శాంపిల్స్‌లో తీసేయడమే కాంపెన్సేషన్. ఆరు రంగులకు ఆరు సింగిల్ ట్యూబులు, ఒక రంగు వేయని ట్యూబ్. లెక్క మిషనే చేస్తుంది, నువ్వు చేయాల్సింది ట్యూబులు సరిగ్గా పెట్టడం. సింగిల్ ట్యూబ్‌లో వెలుగు అసలు శాంపిల్‌లో ఉన్నంతైనా ఉండాలి, తక్కువ ఉంటే లెక్క దారి తప్పుతుంది.

బండలసీమ_స్కాలర్ | పది రోజుల తర్వాత, శనివారం రాత్రి 10:10

మొదటి ట్యూబ్ సామాను వచ్చింది. ఎర్ర కణాలు పగలగొట్టే ద్రావణం ల్యాబ్‌లోనే చేసుకున్నాం: లీటరు నీళ్లలో అమ్మోనియం క్లోరైడ్ 8.29 గ్రాములు, పొటాషియం బైకార్బొనేట్ 1 గ్రాము, డైసోడియం ఈడీటీఏ 37 మిల్లీగ్రాములు, పీహెచ్ 7.2, 7.4 మధ్య. బాగానే పనిచేసింది.

కానీ ఒక వింత. సీడీ8 టీ కణాల్లో చాలావాటికి సీడీ19 కూడా ఉన్నట్టు చూపిస్తోంది! గుంపు మొత్తం ఏపీసీ వైపు వాలిపోయి ఉంది. సీడీ4 కణాలు కూడా కొద్దిగా పీఈ వైపు జరిగాయి. ముందు స్లాట్ వాళ్లది ఆలస్యం కావడంతో మా ట్యూబులు మధ్యాహ్నమంతా బెంచీ మీదే ఉన్నాయి. డబ్లెట్లేమో అని ఫార్వర్డ్ స్కాటర్ ఏరియా, హైట్ ప్లాటులో జంట కణాలను తీసేసి చూశా, అయినా పోలేదు.

సైటో_మేడం | శనివారం రాత్రి 10:34

డబ్లెట్లు అయితే ఒక మూలన చిన్న గుంపుగా ఉంటాయి, మొత్తం గుంపు వాలదు. ఇది టాండెమ్ విరిగిన లక్షణం. ఏపీసీ-సై7 అంటే ఏపీసీకి సై7 అతికించినది. ఏపీసీ తీసుకున్న శక్తిని సై7కి అందిస్తే అది 780 దగ్గర వెలుగుతుంది. వెలుతురుకో, వేడికో, ఫార్మాలిన్‌లో ఎక్కువసేపు ఉండటానికో ఆ అతుకు పాడైతే ఏపీసీ తన వెలుగు తనే 660 దగ్గర వదిలేస్తుంది. మీ సీడీ8 ఏపీసీ-సై7లో, సీడీ19 ఏపీసీలో. అందుకే ప్రతి సీడీ8 కణం బీ కణం వేషం వేసింది. సీడీ4 సంగతీ అదే, పీఈ-సై7 విరిగి పీఈ బయటపడింది, కాబట్టి అవి ఎన్‌కే వైపు జరిగాయి.

ఎక్కడ విరిగిందో తేల్చుకోవడం తేలిక. వయల్ నుంచి ఇప్పుడే తీసిన సీడీ8 ఒక్కటే వేసిన ట్యూబ్ ఒకటి, దానికి జతగా చీకట్లో దాచినది ఒకటి, బెంచీ మీద వెలుతురులో వదిలినది ఒకటి. మూడింటిలోనూ ఏపీసీ చానెల్ చూడండి. మొదటి ట్యూబులోనే కనిపిస్తే వయల్ పోయింది, మార్చమని అడగండి. వెలుతురు ట్యూబులో మాత్రమే అయితే వయల్ బాగానే ఉంది, ఫాయిల్ చుట్టండి.

రియాజెంట్_మావా | ఆదివారం ఉదయం 6:40

వయల్ మార్చమనేటప్పుడు లాట్ నంబర్, ఆ ప్లాటు ఫొటో జతచేయండి. ఉత్త "పనిచేయడం లేదు" అని రాస్తే మళ్లీ మీ మీదికే తోస్తారు. ఇంకోటి, టాండెమ్‌లకు లాట్ లాట్‌కూ తేడా ఉంటుంది. పాత లాట్‌తో చేసిన కాంపెన్సేషన్ కొత్త లాట్‌కు పెట్టొద్దు.

బండలసీమ_స్కాలర్ | మంగళవారం రాత్రి 8:02

మేడం చెప్పినట్టు మూడు ట్యూబులూ పెట్టాం. వయల్ బాగానే ఉంది, వెలుతురులో వదిలిన ట్యూబే వాలింది. ఇప్పుడు ట్యూబ్ స్టాండుకు నల్ల కవర్ తొడిగాం.

ఇంకో విషయం అడగాలి, కాస్త సున్నితమైనది. పైలట్‌లో ఒకాయనకు సీడీ4 లెక్క మైక్రోలీటరుకు రెండు వందల లోపు వచ్చింది. లెక్క చూపిస్తా: ట్యూబులో లెక్కింపు బీడ్స్ (ఎన్ని వేశామో ముందే తెలిసిన చిన్న పూసలు) 50,000, రక్తం 50 మైక్రోలీటర్లు. మిషన్ 10,000 బీడ్స్ చూసేసరికి సీడీ4 టీ కణాలు 1,700 వచ్చాయి. అంటే 1,700 ను 10,000తో భాగించి, 50,000తో గుణించి, 50తో భాగిస్తే 170. మళ్లీ చేసినా అంతే. ఆయనకు చెప్పాలా, ఎలా చెప్పాలి?

కర్నూలు_ల్యాబన్న | మంగళవారం రాత్రి 8:25

పిపెట్ రివర్స్ పద్ధతిలోనే చేశావా? రెండో స్టాప్ దాకా నొక్కి పీల్చి, మొదటి స్టాప్ దాకానే వదలాలి. టిప్ బయట అంటిన రక్తం టిష్యూతో తుడవాలి. రెండుసార్లూ 170 వచ్చిందంటే లెక్క నిజమే కావచ్చు. మిగతాది డాక్టర్ గారు చెప్తారు.

డాక్టర్_ఊపిరి | మంగళవారం రాత్రి 9:30

ముందు మీరు కంగారుపడొద్దు, ఆయన్ను కంగారుపెట్టొద్దు. పెద్దవాళ్లలో మామూలుగా 500 నుంచి 1,500 దాకా ఉంటుంది కాబట్టి 170 పట్టించుకోవాల్సిన తగ్గుదలే. కానీ సీడీ4 తగ్గితే హెచ్‌ఐవీ అని కాదు. టీబీలో తగ్గుతుంది, గట్టి ఇన్‌ఫెక్షన్‌లో తగ్గుతుంది, స్టెరాయిడ్లతో తగ్గుతుంది. మీ రిపోర్టు రీసెర్చిది, దాని మీద ఎవరూ రోగం పేరు రాయకూడదు.

ఫోన్‌లో చెప్పొద్దు, మేస్త్రీ ద్వారా అసలే వద్దు. మీ ప్రాజెక్టులో డాక్టర్ ఉంటే ఆయన విడిగా కూర్చోబెట్టి, ఒక కణాల లెక్క తక్కువగా ఉంది, ఆస్పత్రిలో చూపించుకుంటే మంచిదని చెప్పాలి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం అడగాలి, ఎక్స్‌రే, కఫం పరీక్ష చేయించాలి. హెచ్‌ఐవీ పరీక్ష ఆయన ఒప్పుకుంటేనే, కౌన్సెలింగ్ ఉన్న చోటే. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా చేయకూడదు. ప్రభుత్వ ఐసీటీసీల్లో (కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రాలు) పరీక్ష ఉచితం. అవసరమైతే మందులూ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) సెంటర్లో ఉచితమే. ఇప్పుడు సీడీ4 ఎంతున్నా మందులు మొదలుపెడతారు. 200 కంటే తక్కువైతే టీబీ, ఇతర ఇన్‌ఫెక్షన్ల కోసం ఇంకా జాగ్రత్తగా వెతుకుతారు.

మీ ఎథిక్స్ ఫామ్‌లో ఇలాంటివి వస్తే ఏం చేస్తారో రాసి ఉండాలి. లేకపోతే కమిటీకి ఇప్పుడే సవరణ పెట్టండి.

బండలసీమ_స్కాలర్ | మంగళవారం రాత్రి 9:52

సవరణ రేపే పెడతాం సార్. మా కో-గైడ్ మెడికల్ వారే, ఆయనతో మాట్లాడిస్తాను.

మోనోసైట్ ట్యూబ్ కోసం రెండో ఆర్డర్: హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ ఫిట్‌సీ, సీడీ14 ఏపీసీ. లెక్కింపు బీడ్స్ ఇంకో డబ్బా. ఇంతేనా?

కర్నూలు_ల్యాబన్న | మంగళవారం రాత్రి 10:06

యాంటీబాడీలు టైట్రేట్ చేశావా? షీట్‌లో టెస్టుకు 5 మైక్రోలీటర్లు అని ఉంటే అంతా పోయక్కర్లేదు. సగం, పావు, అందులో సగం వేసి చూడు. వెలిగే గుంపు మీడియన్ నుంచి వెలగని గుంపు మీడియన్ తీసేసి, వెలగని గుంపు స్టాండర్డ్ డీవియేషన్‌కు రెండింతలతో భాగించు. ఆ అంకె ఎక్కడ ఎక్కువ వస్తే అదే మోతాదు. తక్కువ పోస్తే బ్యాక్‌గ్రౌండ్ తగ్గి బొమ్మ ఇంకా శుభ్రంగా వచ్చిన సందర్భాలే ఎక్కువ. వయల్ రెట్టింపు శాంపిల్స్‌కు వస్తుంది. అయితే కణాల సంఖ్య, ట్యూబులో మొత్తం ద్రవం ప్రతిసారీ ఒకేలా ఉంచు.

కాంపెన్సేషన్ బీడ్స్ (సింగిల్ ట్యూబుల్లో కణాల బదులు వాడే పూసలు) నీ లిస్టులో లేవు మరి.

సైటో_మేడం | మంగళవారం రాత్రి 10:20

బీడ్స్ లేకున్నా నడుస్తుంది. అదే రక్తంతో సింగిల్ ట్యూబులు పెట్టుకోండి. సీడీ3, సీడీ4, సీడీ8, సీడీ45 వెలిగే కణాలు కావాల్సినన్ని దొరుకుతాయి. ఇబ్బంది పీఈతోనూ, సీడీ19 ఏపీసీతోనూ, ఎందుకంటే ఎన్‌కే, బీ కణాలు కొద్దిగానే ఉంటాయి. పీఈ, ఏపీసీ టాండెమ్‌లు కావు కాబట్టి ఆ రంగులో ఉన్న వేరే యాంటీబాడీ దేనితోనైనా కాంపెన్సేషన్ చేసుకోవచ్చు. పక్క ల్యాబ్‌లో సీడీ8 పీఈ, సీడీ3 ఏపీసీ ఉంటే చెరో రెండు చుక్కలు అడగండి. పీఈ-సై7, ఏపీసీ-సై7, పెర్‌సీపీ-సై5.5 మాత్రం మీ శాంపిల్‌లో వేసే వయల్‌తోనే చేయాలి, అప్పు తెచ్చుకున్నవి పనికిరావు.